వాయుగుండపు వేళ విచారణ గురువు

సముద్రమునకు దూరముగానున్న మెట్టసీమలకు తుఫాను గాలిరూపమున గాక నీటిరూపమున వచ్చును. బంగాళాఖాతమున పుట్టిన వాయుగుండము తీరము దాటి పడమటికి సాగుచు క్రమక్రమముగా బలహీనపడినను, తాను మోసికొని వచ్చిన నీటినంతయు ఎచ్చటనో యొకచోట కురిసి తీరవలసినదే కాబట్టి, ఒక్కొక్క యేడు ఆ చోటు కృష్ణకు ఉత్తరపుటొడ్డుననున్న మేళ్లచెరువు, హుజూర్‌నగరు, కోదాడ ప్రాంతమగుచుండును. ఈ నేలకు పైన నల్లరేగడి, క్రింద సున్నపురాయి. సున్నపురాయి సిమెంటు కర్మాగారములను తెచ్చిపెట్టినది. రేగడి పత్తిని, మిరపను పండించుచున్నది. నాగార్జునసాగరు ఎడమకాలువ వరిని తెచ్చినది. కాని రేగడి ఒకమారు నాని ముద్దయైన పిమ్మట మరి నీటిని త్వరగా లోనికి తీసికొనదు గనుక, రాత్రియంతయు కుండపోతగా కురిసిన వాన తెల్లవారునప్పటికి చెలకలపై నిలువక వాగులలోనికి, వాగులనుండి కృష్ణలోనికి పరుగులు తీయును. కృష్ణయు నిండుగా పారు దినములలో ఒడ్డు గ్రామములకు రెండు వైపులనుండియు భయమే.

2024 ఆగస్టు 31వ తేది శనివారమునను, సెప్టెంబరు 1వ తేది ఆదివారమునను జరిగినది ఇదియే. ఉత్తరాంధ్రమున కళింగపట్నము సమీపమున నడిరేయి తీరము దాటిన వాయుగుండము, ఆ చోటికి ఎంతో దూరముననున్న ఖమ్మము, మహబూబాబాదు, సూర్యాపేట జిల్లాలపై కుంభవృష్టి కురిపించినది. కోదాడలో వరదకు కార్లు కొట్టుకొనిపోయి ప్రాణనష్టము జరిగినది. నడిగూడెము మండలమున సాగరు ఎడమకాలువకు గండిపడినది. హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారిపై రాకపోకలు నిలిచిపోయినవి. కేసముద్రము వద్ద పట్టాల క్రింది కంకర కొట్టుకొనిపోయి రైళ్లు ఎక్కడివక్కడ ఆగినవి. మరునాడు విజయవాడలోని ప్రకాశము బారేజి నుండి 11 లక్షల క్యూసెక్కులకు మించిన నీరు దిగువకు పోయినది. పత్రికలు ఈ వార్తలన్నియు వ్రాసినవి. అట్టి దినములలో ఈ సీమయందలి కతోలిక విచారణ గురువు ఏమి చేయుచుండును, ఏ పని యెందులకు చేయును, ఏ పని చేయజాలడు అనునది వార్తకెక్కు విషయము కాదు. చర్చి గోపురమును దూరమునుండి చూచుటయే గాని లోపలి జీవితము నెరుగని పాఠకులకు దానిని కొంత విశదపరచుట ఈ వ్యాసోద్దేశము.

మేళ్లచెరువన్నంతనే తెలంగాణమున ఎవరికైనను ముందుగా స్ఫురించునది స్వయంభూ శంభులింగేశ్వరాలయము, అచ్చట మహాశివరాత్రికి జరుగు జాతర. ఆ శివక్షేత్రమునకు పొరుగుననే మఠంపల్లిలో కతోలికుల శుభవార్త దేవాలయము కలదు. ఈ సీమలో రెండు మతములవారును ఒకరి పండుగకు ఒకరు పోవుట, ఒకరి గంట ఒకరు వినుట పూర్వమునుండి వచ్చుచున్న మర్యాద. కతోలిక పాలనలో ఈ ప్రాంతము నల్లగొండ మేత్రాసనమునకు, అనగా మేత్రాణుల (బిషపుగారి) పాలనాప్రాంతమునకు, చెందినది. 1976లో ఏర్పడిన ఆ మేత్రాసనమునకు తొలి మేత్రాణులు, మిలాను నగరము మూలముగా గల పీమె సభకు చెందిన మాథ్యూ చెరియన్‌కున్నేల్‌ గారు. మేత్రాసనము విచారణలుగా విభజింపబడియుండును. విచారణయనగా ఒక పెద్దగ్రామమునందలి దేవాలయము, దాని చుట్టునున్న కొన్ని పల్లెలు, ఆ పల్లెలలో చిన్న గుడులు, గుడికొక ఉపదేశి (మతబోధకుడు). వీరందరికిని బాధ్యుడు విచారణ గురువు. వేకువనే లేచి ధ్యానము, ప్రాతఃకాల ప్రార్థన, పిమ్మట పూజ. పగలు బడిపనులు, ఇండ్ల దర్శనము, తగవుల పరిష్కారము, రోగుల పలకరింపు. సాయంకాలము ఏదో యొక పల్లెలో పూజ. రాత్రి జపమాల, శయనకాల ప్రార్థన. ఏండ్ల తరబడి ఒకే తీరున సాగు ఈ దినచర్యయే తుఫాను నాడు గురువునకు గల ముఖ్యమైన బలమని నా అభిప్రాయము. సాహసకృత్యములకంటె వేళ తప్పని ఈ నడవడియే ఆపదలోనున్నవారికి ఎక్కువ అక్కరకు వచ్చును.

కతోలిక శ్రీసభకు ఒక చట్టస్మృతి కలదు. ఇప్పుడు అమలులోనున్నది 1983లో ప్రకటింపబడినది. అందు 533వ సూత్రము విచారణ గురువు దేవాలయ సమీపముననున్న గురుగృహముననే నివసింపవలెనని విధించుచున్నది. ఏడాదికి ఒక్క నెల సెలవు కలదు. వారము దినములకు మించి విచారణ విడిచిపోవలసి వచ్చినచో మేత్రాణులకు తెలుపవలెను. సామాన్యకాలమున ఇది కచ్చేరి నిబంధనవలె కనబడును. వాతావరణ శాఖ వారి హెచ్చరిక వచ్చిన దినమున దీని యర్థము తెలియును. బంధువుల యిండ్లకు పోగలవారు పోవుదురు, పట్టణమున ఇల్లున్నవారు ముందే బయలుదేరుదురు, గురువు కదలడు. కదలడన్న సంగతి అందరికిని ముందే తెలిసియుండుటచేత, నడిరేయి తలుపు తట్టదలచినవాడు ఎవరున్నారో లేరో యని సందేహింపనక్కరలేదు. తోడేలు వచ్చినపుడు గొర్రెలను విడిచి పారిపోవు కూలివానిని గూర్చి యోహాను సువార్త చెప్పిన మాట ప్రతి గురువును గురువిద్యాలయమునందే విని వచ్చినవాడు.

2024 నాటి వాన వచ్చిన వేళను గూర్చి ఒక ముచ్చట చెప్పవలెను. సెప్టెంబరు 8వ తేది మరియమాత జన్మదినము. తెలుగు కతోలికులకు వేళాంగణి ఆరోగ్యమాత పండుగ. వేళాంగణిలో ఆగస్టు 29న ధ్వజారోహణము జరుగును. అది మొదలు మన పల్లెలలోను అనేక చోట్ల నవదిన ప్రార్థనలు ఆరంభమగును. కావున ఆ శనివారము సాయంకాలమునకు గుడులముందు పందిళ్లు వేసి, దీపాల తోరణములు కట్టి, మాత స్వరూపమును పూలతో అలంకరించు సమయము. వాన పందిరిని నేలకూల్చవచ్చును, దీపాలను ఆర్పవచ్చును. నవదినములలో ఒకదినము తప్పుటకు మాత్రము భక్తులు ఒప్పుకొనరు. పదిమంది వచ్చినను, ఇద్దరు వచ్చినను, తడిసిన కొంగులు పిండుకొని వరండాలోనే మోకరించి జపమాల చెప్పుదురు. శనివారపు సాయంకాలము పాపసంకీర్తనమునకు, అనగా గురువునొద్ద పాపములొప్పుకొనుటకు, ఏర్పరచిన సమయము గూడ. భయము పుట్టిన దినమున ఆ వరుస పెద్దదగును.

విద్యుత్తు పోయినతోడనే రెండు పనులు ముందుకు వచ్చును. మొదటిది దీపము. దివ్యసత్ప్రసాదము (పూజలో పవిత్రపరచిన అప్పము) నుంచిన మందసము ముందు ఒక దీపము నిరంతరము వెలుగవలెనని 940వ సూత్రము. ఇప్పుడు అనేక దేవాలయములలో అది ఎర్రని విద్యుద్దీపమై పోయినది. కరెంటు పోయిన రాత్రి మరల నూనెప్రమిద, వత్తి బయటికి వచ్చును. రెండవది గంట. మైకు మూగబోయినందున పల్లెను పిలుచుటకు మిగిలిన సాధనము అదొక్కటియే. పూర్వకాలమున ఐరోపాలో పిడుగులు పడకుండ గంటలు మ్రోగించుట ఆచారముగానుండెను. తాడు పట్టి నిలిచినవానిపైననే పిడుగు పడుట తరచుగా జరిగెడిది. 1784లో జర్మనీలో వెలువడిన యొక గ్రంథము 33 సంవత్సరములలో 386 గోపురములపై పిడుగులు పడి, 103 మంది గంట మ్రోగించువారు మరణించిరని లెక్క చూపినది. కావున ఉరుములు దగ్గరగానున్నపుడు గంటతాడు ముట్టరాదన్నది వివేకము. ఉరుములు దూరమైనపుడు మ్రోగు గంటకు అర్థము వేరు. గుడి తెరచియున్నదనియు, అచ్చట మెట్టనేలయు పక్కాకప్పును గలవనియు అది ఊరికి తెలుపును.

ముసురు పట్టిన దినములలో గురువు చేయు పనులలో బయటివారెవరును ఊహింపజాలనిది ఒకటి కలదు. అది అప్పములను పరీక్షించుట. పూజకు వాడు అప్పము పులియని గోధుమపిండిని వట్టినీటితో కలిపి, వేడి యినుపపలకల నడుమ కాల్చిన పలుచని బిళ్ల. సాధారణముగా మఠవాసినులగు సిస్టర్లు దానిని సిద్ధపరచి యిత్తురు. ఎండకాలమున అది పెళుసుగానుండి, విరిచినపుడు సన్నని చప్పుడు చేయును. మూడు దినములు తెరపి లేక వాన కురిసినచో అదే అప్పము అంచులు మెలిదిరిగి, మెత్తబడి, విరుగుటకు మారుగా సాగును; ఇంకను నిలువయున్నచో బూజు పట్టును. అప్పము క్రొత్తగా చేసినదై, చెడిపోవు భయము లేనిదై యుండవలెనని 924వ సూత్రము; మందసమునందుంచిన సత్ప్రసాదమును తరచుగా మార్చుచుండవలెనని 939వ సూత్రము. క్రీస్తు శరీరమని విశ్వసించి భద్రపరచిన దానికి బూజు తగులనిచ్చుట కతోలిక గురువునకు భరింపరాని విషయము. అందుచేత గాలి చొరని డబ్బాలో శుష్కముగానుంచిన అప్పములను తీసి, టార్చిలైటు వెలుతురున ఒక్కొక్కటిగా వ్రేళ్లతో తడిమి, గట్టిగానున్నవానినే మరునాటి పూజకు ఏరిపెట్టుకొనును. మందసమునందున్నవి మెత్తబడినట్లు తోచినచో వానిని పూజలో వినియోగించి క్రొత్తవి ఉంచును. ఊరంతయు చీకటిలో వణకుచుండగా ఒకడు కూర్చుండి ఇంత నిదానముగా బిళ్లలు చూచుట యేమని ఎవరైనను అడుగవచ్చును. మరునాడు ప్రాణభయముతో వచ్చువానికి ఈయదగిన సత్ప్రసాదము సిద్ధముగానుండుట ఈ నిదానము వలననే.

ఆదివారము తెల్లవారును, దారులు మునిగియుండును. ఆదివారము పూజలో పాల్గొనుట కతోలికునకు విధి. కాని ఆపద్ధర్మమును శ్రీసభ ఎరుగును. తీవ్రమైన కారణముచేత రాజాలనివారు ఇంటనే ప్రార్థనతో ఆ సమయమును గడుపవచ్చునని 1248వ సూత్రము చెప్పుచున్నది. కావున మంచి గురువు చేయు మొదటి పని, పల్లెలలోని ఉపదేశులకు ఫోను అందినంతవరకు కబురంపి, ఎవరును వాగు దాటి పూజకు రావలదని ఖండితముగా చెప్పుట. పాపము కట్టుకొందుమేమో యని వాన లెక్కచేయక బయలుదేరు వృద్ధురాండ్రు ప్రతి పల్లెలోను కలరు. వారికి ఈ మాట గురువునోటనే వినబడవలెను. ఇక గురువునకు మాత్రము ఆ వెసులుబాటు లేదు. ప్రతి ఆదివారము తన విచారణ ప్రజలందరి కొరకును ఒక పూజ సమర్పింపవలెనని 534వ సూత్రము. ఆ ప్రజలలో ఎందరు బల్లలమీద కూర్చుండిరన్నది ఇచ్చట ప్రశ్న కాదు. సిస్టర్లు ఇద్దరు, వంటమనిషి, గుడి ప్రక్కయింటి ముసలాయన మాత్రమే ఎదుట నున్నను, నీటిలో చిక్కిన పల్లెలన్నిటి పేరను ఆ పూజ జరుగును. రోమను పూజాగ్రంథమున తుఫానుల నివారణకై ప్రత్యేక ప్రార్థన గూడ కలదు.

పూజ ముగియునో లేదో పిలుపు వచ్చును. తుఫాను దినములలో గురువును నిజముగా పరీక్షించునది ఈ పిలుపే.

"ఫాదర్‌ గారూ, మా నాయనకు ఊపిరి ఆడ్తలేదు. వాగు నడుములోతు పోతున్నది. మీరెట్లొస్తరు?"

ఇట్టి ఫోను రాని వానకాలము ఉండదు. మరణావస్థలోనున్న రోగికి గురువు ఇచ్చునవి మూడు: పాపసంకీర్తనము, అభ్యంగనము, కడపటి సత్ప్రసాదము. అభ్యంగనమునకు వలయు తైలము ఒక చిన్న లోహపు డబ్బీలో నూనె పీల్చిన దూదిగా గురువు జేబులోనే యుండును. దానిని మేత్రాణులు పవిత్రవారమున, తమ గురువులందరి సమక్షమున ఆశీర్వదించి విచారణలకు పంపుదురు. పూర్వము ఒలీవనూనె తప్ప పనికిరాకుండెను. 1972లో ఆరవ పౌలు పోపుగారు, ఒలీవ దొరకని చోట మరియొక మొక్కనుండి తీసిన నూనె వాడవచ్చునని అనుమతించిరి. డబ్బీ వరదలో పోయినచో గురువే నూనెను ఆశీర్వదించుకొనవచ్చును. నుదుటను, చేతులయందును పూయవలసినది, సమయము లేనపుడు నుదుట ఒక్కచోట పూసినను చాలును. శతాబ్దములుగా యుద్ధములను, మహమ్మారులను, వరదలను చూచిన సంస్థ కనుక, తొందరపాటునకు వలయు నియమములను గూడ తీరికగా వ్రాసిపెట్టినది.

కాని ఏ నియమమును వాగును తగ్గించదు. అడుగులోతున వడిగా పారు నీరు చిన్నకారును కదలింపగలదు. రెండడుగులైనచో పెద్దబండ్లను సైతము ఈడ్చుకొనిపోవును. కోదాడలో జరిగిన దుర్ఘటనలు దీనికి సాక్ష్యము. గురువునకు తన ప్రాణము నర్పించు హక్కు ఉండవచ్చును గాని, ట్రాక్టరు తోలు కుర్రవాని ప్రాణమును, దారి చూపవచ్చిన ఉపదేశి ప్రాణమును పందెమొడ్డు హక్కు లేదు. ఈ విషయమున నా కెట్టి సందేహమును లేదు. ఆవేశమున నీటిలో దిగిన గురువును పొగడుటకంటె, ఒడ్డున నిలిచి నీరు తగ్గువరకు ఎదురుచూచి, తగ్గిన మొదటి గడియలోనే దాటిన గురువును నేను ఎక్కువ గౌరవింతును. ఆ నిరీక్షణములో నతడు వృథాగా నుండడు. సంస్కారములను ఫోనులో ఈయరాదు. పాపసంకీర్తనము ఎదుటెదుట జరుగవలసినదే. ఐనను దైవప్రేమతో హృదయపూర్వకముగా పశ్చాత్తాపపడినవానికి, గురువు అందని సమయమున గూడ, క్షమ లభించునని శ్రీసభ బోధ. కావున ఫోనును రోగి చెవియొద్ద పెట్టించి, పశ్చాత్తాప ప్రార్థనను మెల్లగా, ఒక్కొక్క మాటగా గురువు చెప్పుచుండును. ఆవల ఇంటిల్లిపాదియు అందుకొందురు. బ్యాటరీ అయిపోయినచో ఆ పని ఉపదేశిది. పురిటి బిడ్డ ప్రాణాపాయముననున్నచో ఎవరైనను నీరు పోసి జ్ఞానస్నానము ఈయవచ్చును. ఈ సంగతిని గురువులు మంత్రసానులకును, ఆశా కార్యకర్తలకును ముందే నేర్పియుంచుట మంచిది.

మధ్యాహ్నమునకు గురుగృహము వేరొక రూపు దాల్చును. విచారణకు బడి యున్నచో బడి, లేనిచో గుడియే ఆశ్రయమగును. గుడిలో జనులను పడుకొనబెట్టవలసివచ్చినపుడు గురువు ముందుగా దివ్యసత్ప్రసాదమును మందసమునుండి తీసి, తన యింటిలోని శుభ్రమైన గదికి మార్చి, ఆ పిమ్మట బల్లలు తొలగించి చాపలు పరపించును. వచ్చినవారి కులమతములను ఎవరును అడుగరు. శంభులింగేశ్వరునికి మ్రొక్కుకొన్నవారును, మసీదుకు పోవువారును, పేట గుడిసెలవారును ఒకే కప్పు క్రింద చేరుదురు. తడిసిన కట్టెలు అంటుకొనవు; హాస్టలు గ్యాసుబండ మీద అన్నము వార్చి, పొయ్యి అక్కరలేని పచ్చిపులుసు కలిపి వడ్డింతురు. ఆడవారికి చాటైన చోటు, పసిపిల్లలకు పాలు, త్రాగుటకు కాచిన నీరు, పుట్టలు మునుగుటచేత గోడలవెంట ప్రాకివచ్చు పాములను, తేళ్లను చూచుటకు రాత్రియంతయు టార్చిలైటుతో ఇద్దరు కాపలా, ఇవియే ఆ దినమున గురువుయొక్క వేదాంతము. ఈ పనిలో సగమునకు మించి సిస్టర్లు చేయుదురు; వారి పేరు మాత్రము ఎవరును చెప్పరు.

పైకప్పు కారుచున్న గదిలో గురువు మరువరానిది ఇంకొకటి కలదు. జ్ఞానస్నానముల, వివాహముల, మరణముల దప్తరములను ప్రతి విచారణయు ఉంచవలెనని 535వ సూత్రము. ఊరిలో జననములు సరిగా నమోదు గాని కాలమున పుట్టినవారికి, బడిలో చేరుటకైనను, వృద్ధాప్య పింఛనునకైనను, వయస్సు తెలుపు కాగితము తరచుగా ఆ జ్ఞానస్నాన దప్తరమొక్కటియే. సిరాతో వ్రాసిన పేర్లు ఒక్క రాత్రి తడికి చెదరి నీలిమరక యగును. అందుచేత అనుభవశాలియగు గురువు తన దుప్పటికంటె ముందు ఆ పుస్తకములను ప్లాస్టికు కవరులో చుట్టి, ఇనుపపెట్టెలో పెట్టి, అలమార పైకెక్కించును.

మరణము సంభవించినచో కష్టము చెప్పనలవి కాదు. కరెంటు లేనందున శవమును ఉంచుటకు వీలుండదు; నల్లరేగడిలో త్రవ్విన గోతిలో చూచుచుండగనే నీరూరును. బక్కెట్లతో తోడుచుండగనే ప్రార్థన చదువవలసివచ్చును. గొడుగు పట్టినవాని చేయి గాలికి వణకుచుండ, తడిసిన పుటలు విప్పుట కష్టమగుచుండ, గురువు కంఠస్థముగానున్న భాగములనే చెప్పి ముగించును. సమాధిపై మన్ను క్రుంగును గనుక, వానలు వెలిసిన పిమ్మట మరల వచ్చి దిబ్బను సరిచేయించి ప్రార్థించుట చాలచోట్ల ఆచారము.

తెలుగుదేశపు పెనుతుఫానులు విచారణల పంచాంగమును ఎన్ని మారులు తాకినవో చూచినచో ఆశ్చర్యము గలుగును. మచిలీపట్నమును ముంచి సుమారు 30,000 మందిని పొట్టనబెట్టుకొన్న ఉప్పెన 1864 నవంబరు 1వ తేదిన వచ్చినది. ఆ దినము సకల పునీతుల పండుగ, మరునాడు మృతుల స్మరణదినము. బెజవాడ పాలన వేరుపడుటకు పూర్వము కృష్ణాతీరపు విచారణలు హైదరాబాదు పాలనకు చెందినవే. కావున ఆ ఉప్పెన దుఃఖము మన ప్రాంతపు సంఘమునకును స్వంతమైనదే. పదివేలకు పైగా జనులను బలిగొన్న దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19వ తేది శనివారమున వచ్చినది. తెల్లవారిన ఆదివారము క్రీస్తురాజు పండుగ. ఆ పండుగకు ఊరేగింపులు జరుగవలసిన బాటలలో నాడు శవములను వెదకిరి. దివిసీమవాసియగు మండలి వెంకటకృష్ణారావుగారు ఆ దుఃఖమును తమదిగా చేసికొని సేవించిరి; మదర్‌ థెరిసా వచ్చి బాధితులను ఓదార్చిరి; రామకృష్ణా మిషను వారు ఇండ్లు కట్టించిరి. విశాఖపట్నమును హుద్‌హుద్‌ తాకిన 2014 అక్టోబరు 12వ తేదియు ఆదివారమే.

సముద్రముల కావల గూడ ఇట్టి కథలు కలవు. అమెరికాలోని గాల్వెస్టను నగరమును 1900 సెప్టెంబరు 8న, అనగా మరియమాత జన్మదినముననే, తుఫాను ముంచినది; ఆరువేలకు తక్కువగాక మరణించిరి. సెయింట్‌ మేరీ అనాథాశ్రమమున పదిమంది మఠవాసినులు బట్టలారవేయు త్రాళ్లతో పిల్లలను తమ నడుములకు కట్టుకొని నిలిచిరి. ఆ పదిమందియు, 90 మంది పిల్లలును మరణింపగా ముగ్గురు బాలురు మాత్రము బ్రతికిరి. మరునాటినుండి ఆ నగరపు దేవాలయ గురువు జేమ్స్‌ కిర్విను గారు శవసంస్కారములకు మనుషులను సమకూర్చుట, నగరమున శాంతి నిలుపుట తలకెత్తుకొనిరి. ఫిలిప్పీన్సు దేశమున 2013 నవంబరు 8న హయాను తుఫాను టక్లోబాను నగరమును నేలమట్టము చేసినది. 2015 జనవరి 17న ఫ్రాన్సిస్‌ పోపుగారు అచ్చటికి పోయినపుడు మరియొక తుఫాను సమీపించుచుండెను. ఆయన పూజావస్త్రములపై జనులందరివలెనే పసుపుపచ్చని వానకోటు తొడుగుకొని, వ్రాసి తెచ్చిన ప్రసంగమును ప్రక్కకు పెట్టి, తన మాతృభాషయగు స్పానిషులో మాటాడిరి. బాధితులయెదుట మౌనముగా నిలుచుటకంటె తాను చేయగలది లేదన్న భావమున వచ్చిన మాటలవి. పోపుగారు ఆ యొక్క పూటకు వానలో నిలిచినది, పల్లెటూరి గురువు ఏటేట నిలుచునది ఒకే చోటు.

వాన వెలిసిన పిమ్మట వచ్చు వారములు గురువునకు ఎక్కువ శ్రమనిచ్చును. నాటిన వరిపై ఇసుక మేటవేసియుండును. పూతకు వచ్చు పత్తి వేరుకుళ్లి వాడిపోవును. 2024లో రాష్ట్రప్రభుత్వము పంటనష్టమునకు ఎకరమునకు 10,000 రూపాయలు ప్రకటించినది. నష్టపు లెక్కలు వ్రాయు దినములలో తడిసిన పాసుపుస్తకములు, అతుక్కొనిపోయిన ఆధారు కార్డులు చేతబట్టుకొని జనులు గురుగృహపు అరుగుమీద కూర్చుందురు. దరఖాస్తులు వ్రాయుట, ఫొటోలు తీయించుట, మేత్రాసనపు సాంఘిక సేవాసంస్థకు జాబితా పంపుట, వచ్చిన బియ్యమును దుప్పట్లను మొహమాటములకు లొంగక పంచుట, పంచిన పిమ్మట అందనివారి నిష్ఠూరములను ఓపికతో వినుట, ఈ పనులన్నిటి నడుమను నవదిన ప్రార్థనలు సాగును. ఆ యేడు సెప్టెంబరు 8వ తేదియు ఆదివారమే యగుటచేత, ప్రళయమువంటి వానకును పండుగకును నడుమ సరిగా ఒక్క వారము మాత్రమే యుండెను.

అందరికంటె కష్టము కౌలురైతుది. నేల పాసుపుస్తకము భూస్వామి పేర నుండును. పెట్టుబడియు అప్పును కౌలుదారువి. పరిహారము ఎవరి ఖాతాలో పడునో వానికి తెలియదు. వాడు మొట్టమొదట వచ్చునది గురువు కడకు. ఎకరములెన్ని, ఎవరి పొలము, ఏ పంట వేసెను అన్న వివరములతో ఒక ఉత్తరము వ్రాసి ఇమ్మనును. ఆ యుత్తరమునకు చట్టరీత్యా బలము లేదని ఇద్దరికిని తెలియును. ఐనను గురువు వ్రాసి ఇచ్చును. వ్యవసాయాధికారి వచ్చు దినము కనుగొని, ఆ పూటకు తానును బురదలో పొలముదాక నడచి, కౌలురైతు ప్రక్కన గట్టుమీద నిలిచి, భూస్వామితోను అధికారితోను వాని పక్షమున మాటాడును. సాయంకాలపు పూజ ఏ పల్లెలోనో ముందే ప్రకటించియుండును గనుక, లెక్క వ్రాయుట ముగియగానే అటునుండి అటే బయలుదేరును.